అరంగుళం కిందకి

మా తోడల్లుడంటే నాకు పడదు. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, సిమెంటు బస్తాల మీద పడుకునే కుక్కకి కూడా తెలుసు. వాడు చెడ్డవాడైనా బాగుండేది, నలుగురికీ కారణం చెప్పుకునేవాణ్ణి. చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ.

మా మామ స్లాబుల మేస్త్రి. పునాది దగ్గర్నుంచి పైకప్పు దాకా ఇళ్ళకి కాంక్రీటు పోయించడం ఆయన పని. నేను పెద్దల్లుణ్ణి. పద్దెనిమిదేళ్ళు ఆయన వెంట తట్టలు మోసి, తాపీ పట్టి, నడుం విరగ్గొట్టుకున్నాను. చిన్నల్లుడు వచ్చి ఐదేళ్ళు. అంతకుముందు సైకిళ్ళు బాగుచేసుకునేవాడు. ఈ ఐదేళ్ళలో ఊచలు కట్టడం, లెవెల్ చూడటం, కూలీల్ని నవ్విస్తూ పని లాగడం, అన్నీ పట్టేశాడు. నేను గొంతు చించుకున్నా కదలని మిల్లరువాడు, వీడు "ఓ రౌండు తిప్పు మావా" అంటే చాలు, కాంక్రీటు కలిపి సిద్ధంగా ఉంచుతాడు. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ "మాట్లాడటం మరిదిని చూసి నేర్చుకోండి" అంటుంది. మొన్న మా అమ్మాయి ఇల్లు బొమ్మ గీసింది. స్లాబు మీద నిలబడ్డ మనిషిని చూసి నేనే అనుకుని మురిసిపోయాను. "నువ్వు కాదు నాన్నా, బాబాయ్" అంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మామకి ఈ మధ్య మోకాళ్ళు పోయాయి. నిచ్చెన ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఒకరోజు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చేశాడు.

"ఈ స్లాబుతో నా పని సరి. తర్వాత ఈ పద్నాలుగుమంది కూలీల్నీ నడిపేది మీలో ఒకడే. ఎవడన్నది నీళ్ళు పెట్టిన రోజు చెప్తాను."

నీళ్ళంటే ఇదీ. స్లాబు పోసిన మర్నాడు, కాంక్రీటు గట్టిపడటానికి పైన చిన్నచిన్న మడులు కట్టి నీళ్ళు నింపుతారు అందరూ. మామ మాత్రం మొదటిరోజు అంచుల చుట్టూ ఒకటే గట్టు వేయించి, స్లాబంతా ఒకే మడి చేయిస్తాడు. నాలుగు మూలలా పుల్ల ముంచుతాడు. నాలుగుచోట్లా తడి ఒక్కలా ఉంటే పోసినవాడికి పని వచ్చినట్టు.

స్లాబు చెరిసగం పంచాడు మాకు. కాంక్రీటు ఎంత ఎత్తుకి రావాలో తెలియడానికి పిల్లర్ల ఊచలకి ఎర్ర టేపు చుడతాం. ఆ గుర్తులన్నీ చిన్నల్లుణ్ణే పెట్టమన్నాడు. అక్కడ మండింది నాకు. నీళ్ళు నింపిన పొడుగాటి ట్యూబుతో చూసే లెవెల్ అది, రెండు చివర్లకి ఇద్దరుండాలి. ఒకడు ఉన్న గుర్తుకి నీళ్ళు ఆనించి పట్టుకుంటే, రెండోవాడి దగ్గర నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ కొత్త గుర్తు.

"అన్నయ్యా, ఆ చివర కాస్త పట్టుకుంటావా?" అన్నాడు వాడు.

"నాకు వేరే పనుంది" అన్నాను. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, వీడికి చివర పట్టుకోవాలా? వాడు ఒక కూలీని పెట్టుకుని సాయంత్రానికి పని కానిచ్చాడు.

మర్నాడు కాంక్రీటు పోయాలి. పొద్దున్నే అందరికంటే ముందు పైకెక్కాను. వాడి తప్పు ఒక్కటైనా దొరక్కపోతుందా అని. ట్యూబు ఒక చివర మధ్య పిల్లరు ఊచకి తీగతో బిగించి, రెండోది నా సగంలో ఉన్న చివరి మూలకి లాక్కెళ్ళాను. ఒక్కడికి కుదిరే పని కాదది. ఇక్కడ సర్దితే అక్కడ నీళ్ళు కదులుతాయి. అటూ ఇటూ నాలుగుసార్లు పరిగెత్తాక కుదిరింది. చూద్దును కదా, నా మూలలో వాడు చుట్టిన టేపు అరంగుళం ఎత్తులో ఉంది.

ప్రాణం లేచొచ్చింది. ఒక చోట తప్పినవాడు తన సగంలోనూ తప్పే ఉంటాడు, మిగతా మూలలు చూసే ఓపిక కూడా లేకపోయింది నాకు. చెప్తే వాడు సరిదిద్దుకుంటాడు. అందుకే చెప్పలేదు. నా మూలలో టేపు ఒక్కటీ విప్పి అరంగుళం కిందకి చుట్టి, ఏమీ ఎరగనట్టు దిగొచ్చాను.

మధ్యాహ్నానికి కాంక్రీటు నా మూలకి వచ్చింది. చదును చేస్తుంటే వాడు వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఇక్కడ కాస్త దిగినట్టు లేదూ?"

"నీ సగం నువ్వు చూసుకో."

వాడు తన సగం వైపు వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం చూసి కూడా నాకు సంతోషమే కలిగింది.

మర్నాడు గట్టు వేసి నీళ్ళు వదిలారు. మామని ఇద్దరు పట్టుకుని పైకెక్కించారు. వాడి మూలలు రెండూ, నా మొదటి మూల, మూడుచోట్లా పుల్ల ఒక్కలాగే తడిసింది. నా చివరి మూలలో ముంచితే అరంగుళం ఎక్కువ తడిసింది. పుల్ల అక్కర్లేదు నిజానికి, నీళ్ళన్నీ అక్కడికే చేరి కనబడుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ట్యూబు పట్టిన మొదటిరోజే మామ నేర్పిన సంగతి. ముందు ట్యూబులో గాలి బుడగ ఉందేమో చూడాలి, వేలితో కొట్టి బయటికి పంపాలి, లేకపోతే ట్యూబు లెవెల్ తప్పు చూపిస్తుంది. తీగతో కట్టేసిన చివర బుడగ ఉండిపోయింది. అక్కడ చూడటానికి మనిషి లేడు.

"ఈ మూల గుర్తెవరిది?" అన్నాడు మామ.

చిన్నల్లుడు ఊచ దగ్గరికెళ్ళి టేపు చూశాడు. వాడు ఎడంచేతివాడు, చుట్టడం వేరేలా ఉంటుంది. తర్వాత నా ముఖం చూశాడు.

"గుర్తులన్నీ నేనే పెట్టాను మామయ్యా. బుడగ చూసుకోలేదేమో. తప్పు నాదే."

మామ నిట్టూర్చి నావైపు తిరిగాడు. "అయితే పెద్దోడా, ఇక మీదట..."

నోరు మూసుకుంటే చాలు, పద్నాలుగుమందీ నా మనుషులు. పద్దెనిమిదేళ్ళుగా కలలు కన్నది అదే. కానీ కూలీలు వాణ్ణి చూస్తున్న చూపు చూశాను. తప్పు ఒప్పుకున్నా వాడే ముద్దొస్తున్నాడు. చివరికి మేస్త్రిగిరీ కూడా నాకు వాడు పెట్టే భిక్షేనా?

"టేపు దించింది నేను" అన్నాను. "వాడికేం సంబంధం లేదు. మంచివాడనిపించుకోవడం మానమను."

"దించేటప్పుడు రెండో చివర ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కణ్ణే చూశాను."

"ఎందుకు ఒక్కడివే?"

మామ ట్యూబు చుట్ట తెప్పించి చిన్నల్లుడి భుజాన వేశాడు.

వారం తిరక్కుండా కొత్త ఇంటి పునాది మొదలైంది. రానని భీష్మించుకుందామనుకున్నాను, మా ఆవిడ క్యారేజీ చేతిలో పెట్టి తలుపేసుకుంది. వెళ్ళేసరికి వాడు ట్యూబు విప్పుతున్నాడు.

"అన్నయ్యా, ఆ చివర పట్టుకుంటావా?"

పట్టుకున్నాను. గుర్తుకి ఆనించబోతుంటే చిన్న బుడగ ఒకటి జారుకుంటూ వచ్చి నా బొటనవేలి కింద ఆగింది. వాడున్న చోటికి అది కనపడదు. వాడు అప్పటికే పెన్సిలు తీశాడు.

"ఆగు, బుడగుంది" అన్నాను. వేలితో కొట్టి పైకి పంపేశాను. "ఇప్పుడు గీసుకో."

"నువ్వుంటే నాకు దిగుల్లేదన్నయ్యా" అన్నాడు వాడు, కూలీలందరూ వినేలా.

ఒళ్ళు మండిపోయింది. ట్యూబు మాత్రం కదలనివ్వలేదు.