నల్లబల్ల మీద ఒక్క మాట

ప్రదర్శన తెరిచిన పూటే గొడవ మొదలైంది.

హవానా మ్యూజియం మొదటి రెండు గదుల్లో పాత తరం చిత్రకారుల బొమ్మలు వేలాడుతున్నాయి: కోడిపుంజులు, రంగుటద్దాల కిటికీలు, చెరకు నరికే మనుషులు. మూడో గది ఇప్పటివాళ్ళది. అందులో జెనైదా బకయావో పెట్టింది ఒక రేషన్ దుకాణం కౌంటరు. సెర్రో పేటలో తను పుట్టిన వీధి దుకాణం మూతపడితే, అడిగి తెచ్చుకుంది. చెక్క బల్ల, దాని మీద ఇనప కాటా, వెనక సగం దించిన షట్టరు, పక్కన నల్లబల్ల. నల్లబల్ల మీద సుద్దతో ఒకే మాట: "వచ్చింది."

ఏం వచ్చిందో రాయలేదు. కావాలనే రాయలేదు. హవానాలో దుకాణం ముందు ఆ మాట కనబడితే జనం ముందు నిలబడతారు, ఏం వచ్చిందని తర్వాత అడుగుతారు. జెనైదా బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైంది. మ్యూజియంలో చోటు దొరకడం ఆమెకు ఇదే మొదటిసారి. ఆ మాట ముందు ఎవరైనా ఆగి ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలనుకుంది.

ఆగారు. ఆలోచించలేదు.

మిగ్దాలియా అనే పెద్దావిడ ఎండకు తాళలేక లోపలికి వచ్చింది. నల్లబల్ల చదివింది. కౌంటరు ముందున్న టోపీ మనిషిని అడిగింది.

"ఆఖరు ఎవరయ్యా?"

అతను బొమ్మలు చూడటానికి వచ్చినవాడు. అయితే హవానాలో క్యూలో చేరేవాళ్ళు అడిగే ఆ ప్రశ్నకు పుట్టిన దగ్గర్నుంచీ అతనికి తెలిసిన జవాబు ఒకటే.

"నేనేనమ్మా."

అలా క్యూ పుట్టింది. మధ్యాహ్నానికి మూడు గదుల్లోనూ కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఆ లైను చెదరగొట్టు" అంది డైరెక్టరు ఒర్తెన్సియా, కాపలాదారు ఎవేలియోతో.

"లైనెక్కడుంది మేడమ్?" అన్నాడు ఎవేలియో. నిజమే. తన ముందు ఎవరో తెలుసుకున్నాక ఎవరూ వరసలో నిలబడలేదు. ఖాళీ దొరికిన చోట కూలబడ్డారు. "కోడిపుంజు బొమ్మ కింద కునుకుతున్నాయన నర్సు వెనకట. నర్సు పెద్దావిడ వెనకట. పెద్దావిడేమో టోపీ ఆయన వెనక. ఆయన సిగరెట్టుకు వెళ్ళాడు. ఎవర్ని గెంటమంటారు?"

జెనైదా తనే చెప్పి చూసింది.

"అమ్మా, ఇది దుకాణం కాదు. కళ."

"అలాగే తల్లీ" అంది మిగ్దాలియా. "తలకెంత? కార్డుకెంత?"

"ఏమీ ఇవ్వరమ్మా!"

"ఇవ్వరని నీకెవరు చెప్పారు?"

"దీన్ని చేసిందే నేను!"

నర్సు నవ్వింది. "ఆ మాట అందరూ అంటారక్కా. మొన్న నూనె దగ్గర ఒకావిడ, మేనేజరు మా మరిదేనంటూ ముందుకు దూరింది."

"కాటా ఉంది, షట్టరు సగం లేచుంది" అంది మిగ్దాలియా. ఎవేలియోను వేలితో చూపింది. "కాపలాకు మనిషున్నాడు. ఏమీ లేనిదానికి కాపలా ఎందుకు?"



ఒర్తెన్సియా జెనైదాను కిటికీ దగ్గరకు లాక్కెళ్ళింది. "జెనైదాగారూ, సాయంత్రం మంత్రిత్వ శాఖ వాళ్ళొస్తున్నారు. మ్యూజియంలో రేషన్ క్యూ చూపించమంటారా నన్ను? ఆ మాట తుడిచెయ్యండి. తుడవకపోతే కౌంటరు తీయించేస్తాను."

"ఆ మాట పోతే మిగిలేది పాత చెక్క."

"పాత చెక్క ముందు ఎవరూ క్యూ కట్టరు."

"అంత అవసరమైతే మీరే తుడవండి."

"చేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ మార్చకూడదని రూలు. మీకు తెలుసు, అందుకే అంటున్నారు."

జెనైదా గుడ్డ తీసుకుంది. ఇంత చేసి, పెట్టిన రోజే తన చేత్తో చెరపాలి. చెరపకపోతే కౌంటరే పోతుంది. జనంలోంచి తోసుకుంటూ కౌంటరు వైపు నడిచింది.

"ఏయ్, క్యూ!" నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి.

"తుడవడానికే వెళ్తున్నా!"

"తుడిస్తే పోతామనుకున్నావా?" అంది మిగ్దాలియా. "తుడిచారంటే లోపల సరుకు సర్దుతున్నారని అర్థం. మేం ఇంకా దగ్గరికి జరుగుతాం. పోవాలంటే 'అయిపోయింది' అని రాయి. నిమిషంలో ఒక్కరు మిగలరు."

ఒర్తెన్సియా ముఖం వెలిగింది. "విన్నారా? రాసెయ్యండి. ఇదిగో సుద్ద."

సుద్ద జెనైదా చేతిలోకి వచ్చింది. ఈ ఊళ్ళో 'అయిపోయింది' అని రాయని దుకాణం లేదు. తన చిన్నప్పుడు తల్లి ఖాళీ సంచితో తిరిగొస్తూ గుమ్మంలోంచే ఆ మాట అనేది. దాన్ని చూడటానికి మ్యూజియం దాకా రానక్కర్లేదు.

"రాయను" అంది.

"అయితే తీయించేస్తాను."

"తీయించండి. మాట మాత్రం దాని మీదే ఉంటుంది." సుద్ద డైరెక్టరు చేతిలో పెట్టేసింది. చేతులు కట్టుకుంది.

ఒర్తెన్సియా ఓపిక అక్కడితో తెగింది. గదంతా వినేలా అరిచింది. "ఎవేలియో! నలుగుర్ని పిలువు. దీన్ని వెనక గోడౌనుకు తరలించండి!"

హవానాలో పుట్టి పెరిగిన మనిషి దుకాణం కౌంటరు ముందు నోట రానివ్వకూడని మాట అది.

"చూశారా!" నర్సు లేచి నిలబడింది. "వెనక నుంచి తరలించేస్తున్నారు!"

కోడిపుంజు కింద కునుకుతున్నాయన లేచాడు. రంగుటద్దాల కిటికీల బొమ్మ దగ్గర పిల్లలకు అన్నం పెడుతున్న తల్లి గిన్నె మూసి పరుగెత్తింది. ఎవేలియో మనుషులు కౌంటరు ఎత్తి కదిలేలోపే జనం గోడౌను తలుపుకు అడ్డంగా చేరారు. అక్కడ కూడా వరస తప్పలేదు. టోపీ మనిషి ముందు, పెద్దావిడ రెండు, నర్సు మూడు.

"దాంట్లో ఏమీ లేదు!" ఒర్తెన్సియా గొంతు చీరుకుపోయింది. "ఖాళీ! ఖాళీ చెక్క!"

"ఖాళీ చెక్కను దాచడమెందుకమ్మా?" అన్నాడు టోపీ మనిషి, మర్యాదగానే.

ఒర్తెన్సియా జెనైదా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి వీళ్ళకు."

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నా."

కింద గేటు దగ్గర కార్ల తలుపులు పడిన చప్పుడైంది. ఒర్తెన్సియా సుద్దను జేబులో వేసుకుంది.

"ఎక్కడిదక్కడ దించండి."

"మాట మేడమ్?" అన్నాడు ఎవేలియో.

"మాటా ఉంటుంది, వీళ్ళూ ఉంటారు. నా ఖర్మా ఉంటుంది." ఆవిడ మెట్లు దిగి అతిథులకు ఎదురెళ్ళింది.

జనం తలుపు వదిలి కౌంటరు ముందుకు తిరిగొచ్చారు. జెనైదా గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుంది. గెలిచిన మాట నిజం. కానీ తమ ముందు ఎవరో తప్ప ఈ గదిలో దేన్నీ ఎవరూ పట్టించుకోలేదు. అరవాలనిపించింది.

మిగ్దాలియా మోకాళ్ళు పట్టుకుని పక్కనే కూలబడింది.

"ఇప్పుడైనా చెప్పు. ఏం వచ్చింది?"

"ఏమీ రాలేదమ్మా. ఒట్టు. ఆ మాట ఒక్కటే ఉంది."

పెద్దావిడ ఆమె ముఖం చూసింది. ఈసారి నమ్మింది. తల తిప్పి నల్లబల్లను చూసింది. చాలాసేపు చూసింది. టోపీ మనిషి వచ్చి, మీ వంతు దాటిపోతుందని చెప్పినా కదల్లేదు.

"అంటే ఇంతసేపూ మమ్మల్ని ఊరికే నిలబెట్టావన్నమాట."

"నిలబడమని నేనెక్కడన్నాను?"

"సిగ్గు లేకపోతే సరి" అంది మిగ్దాలియా, నల్లబల్ల మీద నుంచి చూపు తిప్పకుండానే.