మంచినీళ్లు తాగి లేవాలి

మా అమ్మ రాసిన మర్యాదల పుస్తకం లేని ఇల్లు మా ఊళ్లో తక్కువ. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి ఎవరో ఒకరు కొనిచ్చేవారు. అందులో పరామర్శ మీద ఒక అధ్యాయం ఉంది. పోయినవాళ్ల ఊసెత్తకండి. ఎలా పోయారని అడక్కండి. ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి లేవండి.

అమ్మ పోయాక వచ్చినవాళ్లంతా పొల్లుపోకుండా అదే చేశారు. ఆవిడ ఇంట్లో ఆవిడ మాట దాటుతారా? చెప్పులు వరసగా విడిచి, నా ఎదురుగా కూర్చుని, నీళ్లు తాగి, భుజం తట్టి వెళ్లిపోయారు. నేను గ్లాసులు కడుగుతూనే ఉన్నాను. అమ్మ గురించి ఎవరైనా ఒక్కమాట, పోనీ చెడ్డమాటైనా, అంటే బావుండునని ప్రాణం కొట్టుకునేది. నేనే మొదలుపెడదామంటే, వచ్చినవాళ్లమీద మన దుఃఖం కుమ్మరించకూడదని కూడా అక్కడే రాసింది. ఆ పేజీ ప్రూఫులు దిద్దింది నేనే.

ఆ మధ్యాహ్నం పబ్లిషరుగారు వచ్చారు. మొదటి ముద్రణనుంచీ ఆ పుస్తకం వేస్తున్న మనిషి. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు.

అంతలో పిన్ని దిగింది. అమ్మ చెల్లెలు. పుస్తకంలో "నాకు తెలిసిన ఒకావిడ" అని ఎక్కడ కనబడ్డా పిన్నే. భోజనాల దగ్గర ఎదుటివాళ్ల జీతం అడిగేది ఆవిడే, సెలవు తీసుకున్నాక గుమ్మంలో ఇంకో గంట కబుర్లాడేదీ ఆవిడే.

"ఏమే, నాకు చెప్పకుండానే పోయిందటే మీ అమ్మ! చెప్పకుండా వెళ్లకూడదని ఊరందరికీ రాసింది కదే!" చెప్పులు చెరో దిక్కున పడ్డాయి. "నొప్పేమన్నా పడిందా? ఆఖర్ని ఏమంది?"

పబ్లిషరుగారి గ్లాసులో నీళ్లు తొణికాయి.

"నర్సుకి థాంక్స్ చెప్పింది పిన్నీ. సూది గుచ్చినందుకు."

పిన్ని పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

"మా అక్క అంతే. మా నాన్న పోయినప్పుడు ఇంటినిండా జనం. వచ్చిన ప్రతివాళ్లూ 'ఎలా పోయాడమ్మా' అనడం, తను మళ్లీ మొదట్నుంచీ చెప్పడం. పెద్దపిల్ల కదా! నేను మంచం కింద దూరాను. చెప్పీ చెప్పీ దానికి గొంతు పోయింది. ఆ అధ్యాయం ఊరికోసం అనుకున్నావా? ఆ పిల్లకోసం రాసింది."

"నాకు మాట్లాడాలని ఉంది పిన్నీ."

"మాట్లాడు. నువ్వు ఆ పిల్లవి కాదుగా."

పబ్లిషరుగారు నీళ్లు పూర్తిచేశారు. గ్లాసు చప్పుడు కాకుండా బల్లమీద పెట్టి లేచారు. నేను కూజా తెచ్చి ఆ గ్లాసు మళ్లీ నింపాను.

"కూర్చోండి. అమ్మ గురించి ఏదైనా చెప్పండి."

ఆయన పిన్నివైపు చూశారు. "చెప్పొచ్చంటారా?"

"చెప్పవయ్యా. మా అక్క లేచొచ్చి దిద్దుతుందా?"

ఆయన మెల్లిగా కూర్చున్నారు. "మా ఆఫీసు టీ అమ్మగారికి పడేది కాదు. వద్దనడం బాగోదని, నేను అటు తిరగ్గానే కిటికీలో మొక్కకి పోసేసేవారు. మొక్క చచ్చిపోయింది. తర్వాత ఓ కొత్త కుండీ తెచ్చి అక్కడ పెట్టి వెళ్లారు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు."

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"ఏం మొక్కండీ? మొదట్నుంచీ చెప్పండి."