నాలుగో చక్రం

మా అత్తగారు రాజరాజేశ్వరి గారికి తుని బజారులో పెద్ద పేరు. ఆవిడ వస్తున్నారంటే చీరల కొట్టువాళ్లు కాఫీలు తెప్పించేవారట. ఆవిడకి కాదు, వాళ్లకి. వందన్నది యాభైకి దించి, ఆ యాభై మీద మళ్లీ కొసరు అడిగే మనిషి.

అలాంటి మనిషిని తీసుకొచ్చి నల్లగండ్లలో తొమ్మిదో అంతస్తులో పెట్టాం. ఇక్కడ బేరమాడ్డానికి ఏముంది? కూరలు ఫోన్లో, పాలు ఫోన్లో, ఆఖరికి పూజకి పూలు కూడా ఫోన్లోనే. వచ్చిన కొత్తల్లో కొత్తిమీర తెచ్చిన డెలివరీ మనిషిని గుమ్మంలో నిలబెట్టి రెండు రూపాయలు తగ్గించమన్నారు. "నా చేతుల్లో ఏం లేదమ్మా" అని అతను లిఫ్టెక్కి వెళ్లిపోయాడు. "మరి ఎవరి చేతుల్లో ఉంది?" అని నన్నడిగారు. నేను ఆఫీసు మీటింగులో ఉండి, "ఎవరి చేతుల్లోనూ లేదత్తయ్యగారూ" అనేశాను. ఆ తర్వాత ఆవిడ మాటే తగ్గిపోయింది. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, తిని తన గదిలోకి వెళ్లిపోయేవారు. చూస్తే జాలేసేది. జాలి పడే తీరిక లేక చిరాకూ వేసేది.

ఈలోగా మా ఆయన రోహిత్‌కి కారు మోజు ముదిరింది. బ్రహ్మాండంగా నడుస్తున్న కారుకి ఇంకా పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించి, పాతవి నాలుగూ తెచ్చి బాల్కనీలో పడేశాడు. వడియాలు పెట్టుకునే చోటు కాస్తా పోయింది. అమ్ముతానని ఫోటోలు పెట్టాడు. పొద్దుణ్ణుంచి రాత్రి దాకా ఒకటే మెసేజీలు: "లాస్ట్ ఎంత?" హలో లేదు, నమస్కారం లేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఎవరో ఒకరికి పదిహేను వేలకి ఇచ్చి వదిలించుకో" అన్నాను.

"షాపువాళ్లు ఇవే ముప్ఫైకి అమ్ముతారు" అన్నాడు రోహిత్, "మన దగ్గర కొనేటప్పుడే పదిహేను."

అత్తగారు గదిలోంచి బయటికి వచ్చారు. చాలా రోజుల తర్వాత పిలవకుండా రావడం అదే. "నేనమ్ముతాను" అన్నారు.

"అమ్మా, అవి వంకాయలు కావే."

"ఏదైనా బేరం బేరమే."

రోహిత్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

శనివారం కొండాపూర్ నుంచి వీరేశం వచ్చాడు. పాత చక్రాల దుకాణం అతనిది. యాభై ఏళ్లుంటాయి, నల్లటి చేతులు, మంచి నవ్వు. రోహిత్ చక్రాలు కిందికి దింపి ఫోను మోగితే పైకి పోయాడు. పార్కింగులో నేనూ అత్తగారూ మిగిలాం. "చూశావా, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు" అన్నారావిడ నా చెవిలో. "ఉత్తచేతుల్తో పోడు."

వీరేశం ఒక్కో చక్రాన్నీ ఎత్తి, నేల మీద దొర్లించి, అంచులు తడిమి చూశాడు. "మాల్ మంచిగనే ఉన్నది. టైర్లు లెవ్వు గద. పద్నాలుగు ఇస్తనమ్మా సెట్టుకు."

"మా వీధిలో ఎడ్లబండి చక్రం కూడా అంతకి రాదు నాయనా. ముప్ఫై."

"ముప్ఫైకి నేను అమ్ముతనో లేదో. నాకు దుకాణం కిరాయి, గీ ట్రాలీ కిరాయి ఉండవా?"

"నీ కిరాయిలు నేనెందుకు కట్టాలి?"

బేరం మొదలైంది. ఆవిడ వెన్ను నిటారుగా అయింది, గొంతు లేచింది. వాచ్‌మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వీరేశం రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించాడు. ఆవిడ రెండుసార్లూ వెళ్లనిచ్చారు, అతనే తిరిగొచ్చాడు. పద్నాలుగు పదిహేడైంది, పదిహేడు ఇరవై అయింది. ఇన్నాళ్లూ మా ఇంట్లో తిరిగింది ఈ మనిషేనా అనిపించింది నాకు.

"ఇగ ఆఖరి మాట జెప్తున్న" అన్నాడు వీరేశం చెమట తుడుచుకుంటూ. "ఇరవై రెండు."

అత్తగారు చెయ్యి విదిలించారు. "ఇరవై రెండూ లేదు, గిరవై రెండూ లేదు. ఇరవై చేసుకో, పో!"

నలభై ఏళ్ల అలవాటు! ఎదుటివాడి నోట్లోంచి అంకె రాగానే దాన్ని కిందికి లాగడమే ఆవిడకి తెలుసు. అమ్మేవైపు నిలబడ్డం జన్మలో ఇదే మొదలు. వీరేశం ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, "ఖాయం! ఇరవైకి ఖాయం! మాటంటే మాటే" అంటూ పైసలు కొట్టడానికి ఫోను తీశాడు.

ఆవిడ మొహం తెల్లబోయింది. ఏమన్నారో అప్పుడు అర్థమైంది. నాకు నవ్వు రాలేదు. రోహిత్ దీన్ని పదేళ్లు చెప్పుకుని నవ్వుతాడు. ఎలాగోలా సర్దుదామని, "అది కాదండీ, ఆవిడకి..." అని అందుకున్నాను. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. గాజులు గుచ్చుకునేంత గట్టిగా.

"ఇరవైకి మూడు" అన్నారు.

"ఏంది?"

"మూడు చక్రాలు. ఏరుకో. నాలుగోది మాకుంటుంది."

"మూడు దీస్కపోయి ఏం జెయ్యాలమ్మా, ఆటోకు బిగియ్యాల్నా? నేను సెట్టుకు జెప్పిన!"

"నువ్వు ఇరవై రెండు చెప్పింది సెట్టుకి. నేను ఇరవై చెప్పింది మూడింటికి. నాలుగని అన్నానా? మాటంటే మాటేనన్నావు, ఇప్పుడు నువ్వే వెనక్కి పోతావా?"

వీరేశం నావైపు చూశాడు. నేను లిఫ్టువైపు చూశాను. వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు.

"నాలుగోది కావాలంటే దాని బేరం వేరే" అన్నారు అత్తగారు. "పది."

"రెండిస్త."

"ఎనిమిది."

చివరికి ఐదు దగ్గర తెగింది. అతని ఆఖరి మాటకి మూడు వేలు పైన. డబ్బులు నా ఫోన్లో పడ్డాయి. వీరేశం చక్రాలు ట్రాలీలోకి ఎక్కించి, రెండు చేతులూ జోడించాడు. "పెద్దమ్మా, పరేషాన్ జేసినవ్ గద. మా దుకాణంల గల్లా మీద కూసుంటవా? జీతమిస్త."

"ఎంతిస్తావు?" అన్నారావిడ.

లిఫ్టులో నేను ఆపుకోలేక నవ్వేశాను. "భలే తిప్పారత్తయ్యగారూ! కావాలనే అన్నారా?"

ఆవిడ నవ్వలేదు. "కాదే, నోరు జారింది" అన్నారు. నావైపు తిరిగి, "నువ్వు అతనితో ఏదో అనబోయావు. ఆవిడకి తెలీదండీ అనేగా?"

నేను తలూపాను.

"ఆ మాట నువ్వు అనేసి ఉంటే, నేనింక మీ ఇంట్లో నోరు తెరిచేదాన్ని కాదు వాసంతీ."

నాకు సిగ్గుతో మొహం కాలిపోయింది. ఆ మాట అప్పటికే సగం నా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు కాబట్టి ఆగింది గానీ, నా అంతట నేను ఆపింది కాదు.