గుర్తు దాటిన కాలు

క్లబ్బులో ఎవరికి ఏ అనుమానం వచ్చినా డిగ్రీబాబునే అడిగేవారు. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. పళ్లెంలాంటి డిస్కును వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసులు వేలాడే బుట్టలో వేసే ఆట డిస్క్ గోల్ఫ్. దాని రూలుబుక్కు చదివి, తనతో ఆడే మెకానిక్ బావకీ, దర్జీ అక్కకీ విడమరిచి చెప్పింది అతనే.

"బుట్ట దగ్గరపడ్డాక డిస్క్ పడ్డచోట నేల మీద పెట్టిన గుర్తు వెనకనుంచే విసరాలి. విసిరి, నిలదొక్కుకున్నాకే ముందుకు అడుగు. తప్పితే ఒక విసురు శిక్ష. కానీ చూసినవాళ్లు వెంటనే చెప్పాలి, ఇంకొకరు అవుననాలి."

ఆ ఆదివారం ఆ ముగ్గురూ కలిసి ఆడారు. పై పోటీకి వెళ్లేది ఒక్కరే. చివరి బుట్టలో దర్జీ అక్క ముందే ముగించింది. ఈ విసురు పడితే బావ ఆమె మీద ఒక్క విసురు తేడాతో గెలుస్తాడు; ఒక్క విసురు పెరిగినా ఇద్దరూ సమానమై మళ్లీ ఆడి తేల్చుకోవాలి. డిస్క్ గొలుసుల్ని ఘల్లుమనిపించి బుట్టలో పడింది. ఆ ఊపులోనే బావ కుడికాలు గుర్తు దాటి ముందుకు పడింది.

"అన్నా, కాలు దాటింది," అంది దర్జీ అక్క.

"దాటిందా? బుట్టను చూస్తాను గానీ కాళ్లు చూసుకుంటానా తల్లీ! ఏరా, నువ్వు చెప్పు."

డిగ్రీబాబు కళ్లారా చూశాడు. కాలేజీ సీటు కోసం వారం రోజులు తనను స్కూటర్ మీద ఆఫీసుల చుట్టూ తిప్పిన బావ ఎదురుగా నిలబడ్డాడు.

"నేను చూడలేదు బావా. లేసు కట్టుకుంటున్నా."

దర్జీ అక్క అతని బూట్ల వంక చూసింది. వాటికి లేసులే లేవు.

"సరేలే తమ్ముడూ. చదువుకున్నోడివి," అని స్కోరు కాగితం మీద సంతకం చేసింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. స్కూటర్ దాకా ఈల వేసుకుంటూ నడిచిన బావను ఆపాడు.

"బావా, కాలు దాటింది. నేను చూశా."

ఈల ఆగిపోయింది. "మరి ఇందాక?"

"నువ్వు ఓడిపోతావేమోనని..."

"ఓడితే ఓడేవాణ్ణి. నాకు తెలీకే కదరా నిన్నడిగింది!"

"ఇప్పుడు చెప్పినా చెల్లదు బావా, వెంటనే..." అంటూనే నాలుక కరుచుకున్నాడు.

బావ వెనక్కి తిరిగి, స్కోరు కాగితాలు సర్దుతున్న, పోటీ నడిపే పెద్దమనిషి దగ్గరికి వెళ్లాడు. దర్జీ అక్క అక్కడే ఉంది.

"నేను పై పోటీకి వెళ్లడం లేదండీ. ఈవిడ పేరు రాసుకోండి. నా కాలు దాటింది."

"ఎవరు చూశారు?"

"ఈవిడే చూసింది. చెప్పింది కూడా."

వెనకే వచ్చి నిలబడ్డ డిగ్రీబాబు పేరు బావ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.