అమ్మవారు పెట్టిన చలివిడి

మత్స్యకారులను గిరిజనుల్లో చేర్చాలంటూ శ్రీకాకుళం కలెక్టరాఫీసు ఎదుట వేసిన టెంటులో ఆ రోజు నిరాహార దీక్ష వంతు నూకయ్యది. అందులో అతని త్యాగమేమీ లేదు. కూర్చోగల మగవాళ్లంతా వేటకోసం గుజరాత్‌లోని వేరావల్‌కి వలసపోయారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పడవెక్కితే వాంతి చేసుకునే బీఏ నూకయ్య.

బంతిపూల దండ వేసుకుని, "కడలి మా కన్నతల్లి!" అంటూ పొద్దున్నే ప్రసంగం మొదలుపెట్టాడు.

"ఆ తల్లి ఒళ్లో ఒక్కపూటైనా కూకున్నావేటి మరిదీ?" అంది ముందువరసలోంచి గున్నమ్మ, చనిపోయిన అతని భార్యకు అక్క.

టెంటంతా నవ్వింది. నూకయ్యకీ నవ్వొచ్చింది. భార్య పోయాక అతన్ని ఆటపట్టించే మనిషి ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం మత్స్యకారుల ఆచారాలు చూసి, వాళ్లు గిరిజనుల్లోకి వస్తారో రారో నివేదిక రాయడానికి ఒక అధికారి వచ్చాడు. ఆయనకు చూపించాలని, అమ్మవారు పూనే దాసుడు అసిరయ్యను రప్పించారు. పూనకంలో అమ్మవారు ఏది పెట్టినా కళ్లకద్దుకుని అక్కడే తినాలి. ఎదురుగా దీక్షలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతి కమిటీలో ఎవరికీ తట్టలేదు. ఏర్పాట్లన్నీ చూసిన కార్యదర్శి నూకయ్యే.

అప్పటికే అతనికి కళ్లు తిరుగుతున్నాయి. షుగరుందని చెబితే వీరుడి హోదా పోతుందని దాచాడు. డప్పు మోగింది. అసిరయ్య వేపమండలతో ఊగుతూ తిన్నగా వచ్చి అతని ముందే ఆగాడు.

"వాడిపోనావురా బిడ్డా. ఇదిగో, పట్టు."

చేతిలో పెద్ద చలివిడి ముద్ద.

తింటే దీక్ష పోతుంది. తినకపోతే, అమ్మవారినే కాదన్నవాళ్లకు ఆచారమెక్కడిదని అధికారి రాసుకుంటాడు. నూకయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం నోటిదాకా వెళ్లిపోయింది.

"దీక్ష అయిపోయినట్టేనా?" అడిగాడు అధికారి.

గున్నమ్మ లేచి, మరిది మెడలోని దండ తీసి తన మెడలో వేసుకుంది.

"అయిపోనేదు బాబూ. మనిసి మారినాది, అంతే. ఈడు సాయంత్రందాకా ఆగలేడని నాకెరికే. పొద్దుట్నించీ నానూ ఏటీ ముట్టనేదు."

అధికారి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో ఎవరికీ కనబడలేదు.

"నన్నేం చెయ్యమంటావొదినా?" అన్నాడు నూకయ్య.

"మిగిల్నది తిను. అమ్మోరు పెట్టింది పారబోస్తావేటి?"

నూకయ్య చాప చివరికి జరిగి, ఆమెకు కనబడకుండా అటు తిరిగి తిన్నాడు.