దయ్యం అలిగింది

సుల్తానాబాద్ లోకల్ కేబుల్‌లో ఆదివారం ఆదివారం వచ్చే ‘ఏడో బెంచి’ సీరియల్‌కు కథ, మాటలు, దర్శకత్వం అన్నీ వినోదే. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే పిల్లకు తెరమీద అన్నిచోట్లా పేరెందుకని అడిగితే, పనిచేసేవాళ్ళు వేరే దొరకలేదు కనుక అని జవాబు. కెమెరా ప్రేమ్‌సాగర్‌ది. పెళ్ళి వీడియోలు తీసి తీసి విసిగిపోయిన మనిషి కాబట్టి దయ్యాలంటే ఆయనకు మహా సరదా.

కథ ఏమిటంటే, పదో తరగతి గదిలో ఏడో బెంచి మీద ఎవరూ కూర్చోరు. అది సువర్ణ అనే దయ్యానిది. బడిలో కొత్తగా చేరిన మేఘ అనే పిల్లకు మాత్రమే ఆ దయ్యం కనిపిస్తుంది. మేఘ వేషం రోజారాణిది, సువర్ణ వేషం తిరుమలది.

తిరుమల, వినోద ఒకటో తరగతి నుంచి జత. ఒకరి జడ ఒకరు వేసి, ఒకరి తిట్లు ఒకరు తిని పెరిగారు. అలాంటి తిరుమల దసరా నుంచి వినోదతో మాట్లాడటం లేదు. షూటింగ్‌కు వస్తుంది, జుట్టు విరబోసుకుని పకపకా నవ్వుతుంది, ఇంటికి పోతుంది. ఏదైనా కావాలంటే, వినోద పక్కనే నిలబడి ఉన్నా సరే, ప్రేమ్‌సాగర్ వైపు తిరిగి, “అన్నా, గామెకు జెప్పు, నాకు నీళ్ళు గావాలె” అంటుంది. గామె నీళ్ళు తెచ్చిస్తే, ప్రేమ్‌సాగర్‌కు థాంక్స్ చెప్పి తాగుతుంది.

ఎందుకు అలిగిందో తనకు తెలుసనే వినోద అనుకుంది. తిరుమల బాపు, అదే వాళ్ళ నాన్న, మస్కట్‌లో పనిచేస్తాడు. ఆయన అక్కడికి వెళ్ళిన కొత్తలో తిరుమల ఆయన పాత చొక్కా కప్పుకుని పడుకునేది. ఆ సంగతి వినోదకొక్కదానికే చెప్పుకుంది. దసరాకు ముందు కథ ముందుకు కదలక తల పట్టుకున్న వినోద, ఆ చొక్కా సంగతిని తీసుకెళ్ళి సీరియల్‌లో పెట్టేసింది. మేఘ వాళ్ళ బాపు చొక్కా కప్పుకుని ఏడ్చే సీను అది. ఊరంతా కళ్ళు తుడుచుకుంది. జమ్మికుంట నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. మర్నాటి నుంచి తిరుమల మాట బంద్.

నమ్మి చెప్పిన మాటను ఊరిమీద వేసినందుకే ఈ కోపమని వినోద లెక్క. ఇంటికి పోయి తప్పైందని బతిమాలితే లోపలి గదిలో టీవీ సౌండు పెరిగింది తప్ప తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడిక చివరి ఎపిసోడ్ వచ్చేసింది. ఇవాళ్టితో షూటింగ్ అయిపోతే తిరుమల ఎదురుపడే సాకు కూడా ఉండదు. సీను ఎట్లా వస్తుందోనన్న దిగులు వినోదకు ఏ కొంచెమో ఉంది. మిగతా దిగులంతా ఇదే.

షూటింగ్ బుచ్చిరాములు రైస్‌మిల్లు వెనక, వడ్లు ఆరబోసే కల్లంలో పెట్టుకున్నారు. దయ్యానికి పసుపు రాసి, వేపమండలు చేతికిచ్చి, డప్పు కొట్టి ఊరి నుంచి సాగనంపే సీను. తిరుమలకు మాటలేమీ లేవు. ఊగాలి, కేక పెట్టాలి, మాయమైపోవాలి. డప్పు చప్పుడు తర్వాత కలుపుదామని వినోద అంటే ప్రేమ్‌సాగర్ ఒప్పుకోలేదు. “ఉత్తగనే ఎట్ల ఊగుతది పిల్ల? అసలు డప్పే గావాలె” అని పరశురాములును పిలిపించాడు. ఆయన చేతికి డప్పు వస్తే సీరియల్ అనీ జాతర అనీ తేడా ఉండదు. మనసుపెట్టి వాయించేస్తాడు.

వాయించాడు. తిరుమల ఊగింది. దరువు మిల్లు గోడ దాటి పక్క సందులోకి పోయింది.

ఆ సందులో దేవవ్వ ఉంటుంది. ఊళ్ళో ఏ ఆడమనిషికి సిగం వచ్చినా నీళ్ళచెంబుతో అందరికంటే ముందు పరుగెత్తేది ఆమే. సిగమూగే మనిషి ఒంటిమీదికి అమ్మవారు వచ్చినట్టు లెక్క. కాళ్ళమీద నీళ్ళు పోసి అడిగితే తప్పు ఎవరిదో తల్లి చెబుతుంది. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకుని మాటివ్వాలి. అదీ పద్ధతి. పసుపు ముఖం, వేపమండలు, డప్పు ఇన్ని ఒక్కచోట కనిపించాక దేవవ్వ కంటికి కెమెరా ఎక్కడ ఆనుతుంది? అడ్డంగా నిలబడ్డ రోజారాణిని, “జరుగు బిడ్డా!” అని ఒక్క తోపు తోసి, తిరుమల కాళ్ళమీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది.

“శాంతించు తల్లీ! ఏం తప్పైంది? ఎవలమీద అలిగినవు?”

వినోద ‘కట్’ చెప్పబోయింది. ప్రేమ్‌సాగర్ ఆగమని చెయ్యి ఊపాడు. డప్పు ఆగలేదు. తిరుమలా ఆగలేదు. వేపమండ పట్టుకున్న చెయ్యి మెల్లగా పైకి లేచి, కెమెరా వెనక ఉన్న వినోద వైపు చూపించింది.

“గీమె మీద!”

“నువ్వా బిడ్డా?” దేవవ్వ వినోదను చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. “నీళ్ళు వొయ్యి. అడుగు.”

“అవ్వా, గిది సీరియల్...”

“తల్లి ముంగట సాకులు జెప్తవా? వొయ్యి!”

చెంబులో అడుగున మిగిలిన నీళ్ళు వినోద పోసింది. ఇన్నాళ్ళకు తిరుమల తన కళ్ళలోకి సూటిగా చూస్తోంది. వినోదకు ఏడుపు ముంచుకొచ్చింది.

“తప్పైంది తల్లీ. నువ్వు నమ్మి చెప్పిన ముచ్చట ఊరందరికి జెప్పిన.”

“గది గాదు!” అని దయ్యం గద్దించింది. పరశురాములు ఉలిక్కిపడి దరువు పెంచాడు. “చెప్పుకుంటే చెప్పుకో! నా చొక్కా తీస్కపోయి రోజారాణికి ఎందుకిచ్చినవ్? నా ఏడుపు గామెతోని ఏడ్పిస్తవా? నాకేమిచ్చినవ్? జుట్టు ఇరబోస్కో, నవ్వు. గోడెక్కి కూసో, నవ్వు. మల్ల నవ్వు! దయ్యానికి బాపు ఉండడా? దయ్యానికి మనసుండదా?”

వినోద లెక్కేసుకుంది. నిజమే కదా! ఇన్ని ఎపిసోడ్లలో మేఘ భయం పోగొట్టుకుంది, స్నేహం చేయడం నేర్చుకుంది, చివరికి లెక్కల్లో కూడా పాసైంది. సువర్ణ మాత్రం మొదటిరోజు ఎట్లా నవ్విందో ఇప్పటికీ అట్లాగే నవ్వుతోంది. పైగా ఇవాళ తరిమేస్తున్నారు. మంచి వేషం రాయలేదని అలిగానంటూ అభిమానం గల పిల్ల నోరు విడిచి ఎట్లా చెబుతుంది? వినోదకు సిగ్గేసింది. సిగ్గు వెనకే పట్టరాని సంతోషం కూడా వచ్చింది. తిరుమల తనతో మాట్లాడింది. ఊరు వినేట్టు అరిచి మరీ తిట్టింది. ఎంత హాయి!

“ఏం గావాల్నో అడుగు” అని దేవవ్వ మోచేత్తో పొడిచింది.

“ఏం గావాలె తల్లీ?”

“నన్ను ఎల్లగొట్టద్దు. గా బెంచి నాది. నాకూ ఒక బాపు గావాలె. దూరం దేశం నుంచి రావాలె. వచ్చి నా బెంచిమీద కూసోవాలె. నేను కనపడకున్నా, ఉన్ననని ఎర్కగావాలె.” తిరుమల వేపమండ కిందికి దించింది. ఊగడం ఆగిపోయింది. “గప్పుడు నేను నవ్వ. ఊకె గాయన పక్కన కూసుంట.”

డప్పు కూడా ఆగింది. రోజారాణి వెక్కివెక్కి ఏడుస్తోంది. “గిది రాయవే వినోదా! చొక్కా సీన్ల నాకు ఏడుపే రాలే. గ్లిజరిన్ పెట్టుకున్న” అంది.

“మాటియ్యి” అంది దేవవ్వ.

“ఇస్తున్న తల్లీ. గట్లనే రాస్త.”

ప్రేమ్‌సాగర్ అప్పుడు కెమెరా ఆపి, నవ్వు ఆపుకోలేక, సంగతంతా దేవవ్వకు చెప్పాడు. ఆమె కెమెరాను చూసింది, తిరుమలను చూసింది, ఖాళీ చెంబును చూసుకుంది. “సీరియలైతే ఏందిరా? మాట మాటనే. వచ్చే ఐతారం నేను సూస్త” అని చెంబు ఊపుకుంటూ పోయింది.

చివరి సీను మళ్ళీ రాయాలి. వినోద వడ్లకుప్ప పక్కన చతికిలబడింది. ఏం రాయాలో తోచలేదు. “బడిలకు వచ్చినంక బాపు ఏం జేస్తడు?” అని పైకే అంది.

తిరుమల పసుపు కారుతున్న ముఖం తుడుచుకుంటూ, “అన్నా, గామెకు జెప్పు...” అని ప్రేమ్‌సాగర్ వైపు తిరిగింది. ఆగింది. వచ్చి వినోదకు భుజం ఆనించి కూర్చుంది.

“ఏం మాట్లాడడే. బెంచిమీద దుమ్ము తుడుస్తడు. వచ్చింది ఒక్కడేగని, ఇద్దరు కూసునేంత జాగ తుడుస్తడు.”