ఏడు యంత్రాలకు ఒక్క తల

కుజుమి తెత్సురోకి యాభై తొమ్మిదేళ్లు. ఆయన తలకాయ మాత్రం నాలుగేళ్లుగా ఆయనది కాదు, ఒక పరిశోధనది. ఏడు ఊళ్లలోని ఏడు ఎం.ఆర్.ఐ. యంత్రాలు ఒకే తలను ఒకేలా కొలుస్తున్నాయో లేదో తేల్చడానికి ఏటా ఆ తలను రైలెక్కించి ఊరూరా తిప్పుతారు. మెదడులోని నరాల కట్టల వెంట నీరు ఎటు కదులుతుందో యంత్రం కొలుస్తుంది. తల ఒకటే కాబట్టి, అంకెలో తేడా వస్తే తప్పు యంత్రానిదే. అదీ వాళ్ల లెక్క.

ఆయన్ని ఊరికే ఎంచుకోలేదు. మందు ముట్టడు, తొమ్మిదింటికి పడుకుంటాడు, రాత్రి అన్నంలోకి కాల్చిన చేప ముక్క, మిసో చారు తప్ప ఇంకోటి అడగడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, పోస్టాఫీసు ఉద్యోగమూ అయిపోయింది. "మీరు మారకుండా ఉంటే చాలు" అన్నారు పరిశోధన ఆఫీసు వాళ్లు మొదటి రోజున. తనకు చేతనైన పని ఎట్టకేలకు ఒకటి దొరికిందని మురిసిపోయాడు. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఏడాది మొత్తంలో ఆయన కోసం ఎదురుచూసే మనుషులు ఆ ఏడు గదుల్లోనే ఉన్నారు.

ఈ ఏడాది మొదటి మజిలీ కజెహామా. సముద్రపు ఒడ్డున పాత ఆసుపత్రి, అందులో అంతకంటే పాత యంత్రం. పదకొండేళ్లుగా దాన్ని ఒంటిచేత్తో నడుపుతున్నది ఉరాగామి రిత్సుకో. మార్చిలో అక్కడ కుజుమి నుదుటి వెనక భాగపు అంకెలు పడిపోయాయి. ఆఫీసు వాళ్లు ఏప్రిల్లో ఆయన్ని మళ్లీ పంపారు.

"ఈసారీ అంతేనండీ," అంది ఉరాగామి, ఆయన బల్ల మీంచి లేచి చెప్పులు వెతుక్కుంటుంటే. "మీకు చెప్పకూడదనుకోండి. అయినా శుక్రవారం ఈ యంత్రాన్ని పరిశోధన జాబితాలోంచి తీసేస్తున్నారు, ఇంక దాచేదేముంది."

"యంత్రం బాగానే ఉందేమో."

"నేనూ అదే మొత్తుకున్నా. రోజూ పొద్దున్నే నీళ్ల సీసా పెట్టి కొలుస్తున్నా, అంకె వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సీసా వేరు, తల వేరు అంటున్నారు. నేనే మీ తల సరిగ్గా బిగించలేదట. మిమ్మల్నేమంటారు, మీరు గజంబద్ద కదా. గుడ్డ పొట్టిదైతే గజంబద్దని తిడతామా?" ఆమె తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "జాబితాలోంచి పోయాక ఈ పాతదాన్ని ఇక్కడ ఉంచరు. నన్ను కింద ఎక్స్‌రేకి వేస్తారు. పోనీలెండి, అక్కడ కిటికీ అయినా ఉంది."

కుజుమి దొరికిన చెప్పు తొడుక్కోకుండానే మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు.

మంచు విపరీతంగా పడే వాళ్ల నీగాతలో, బరువుకి ఇల్లు కూలకుండా కప్పు మీది మంచు తీస్తుండాలి, కానీ ఆ పని ఒంటరిగా చేయరు. ఒకరు పైన ఉంటే ఒకరు కింద నిచ్చెన పట్టుకోవాలి. ఇన్నేళ్లూ పక్కింటి పెద్దాయన పట్టేవాడు. ఆయన పోయాక ఇంకొకర్ని అడగడానికి మొహం చెల్లక, ఫిబ్రవరిలో కుజుమి ఒక్కడే ఎక్కాడు. జారి పడ్డాడు. మార్చిలో రాసిచ్చిన కాగితంలో 'తలకు దెబ్బ తగిలిందా' అన్నచోట 'లేదు' అని గీత పెట్టాడు. తగిలిందంటే ఆ రోజుతో ఆయన పని సరి. లైబ్రరీలో చదివాడు, ఇలాంటివి కొన్ని నెలల్లో మానుతాయట. రెండో మజిలీ జూన్‌లో. అప్పటికి మానితే మిగతా ఆరు యంత్రాలూ పాత అంకే చూపిస్తాయి, కజెహామా ఒక్కటే తప్పని తేలిపోతుంది. నోరు మూసుకుంటే చాలు. అది ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

"ఇంకేం, వచ్చే ఏడాది మీకు ఆరే ఊళ్లు, హాయి," అంటూ ఆమె సొరుగు లాగి ఒక కాగితం సంచీ తీసింది. "ఇవిగో, పోయినేడు ఇక్కడే మర్చిపోయారు. ఉతికిపెట్టా, మార్చిలో ఇవ్వడం మర్చిపోయా."

సంచీలో ఒక జత మేజోళ్లు. ఏడాదిగా తన వస్తువొకటి ఒకరి సొరుగులో ఉందంటే ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని దాని మూతి మడిచాడు.

"ఉరాగామి గారూ, వంగింది గజంబద్దేనండీ," అన్నాడు.

మొత్తం చెప్పేశాడు. ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూలబడింది.

"ఎంతసేపు పడున్నారు?"

"తెలీదండీ. పడ్డప్పుడు ఎండ ఉంది. లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి."

"ఎవరితోనూ అనలేదా?"

"ఎవరితో అనాలో తోచలేదు."

"ఆఫీసుకి చెప్పక తప్పదు నాకు. మీ పేరు కొట్టేస్తారు."

"తెలుసు."

"ఏం తెలుసు మీకు? నిచ్చెన పట్టే మనిషి లేకపోతే మంచుని అలాగే వదిలెయ్యాలి. కూలితే ఇల్లు కూలుతుంది. అంత వయసొచ్చింది, ఎందుకూ." తిడుతూనే ఫోనందుకుంది. ఆఫీసుకి రెండు ముక్కల్లో చెప్పింది, నరాల డాక్టరును మాత్రం గట్టిగా రమ్మంది. పెట్టేసి ఆయన వైపు తిరిగింది. "మీ తల మీకు చూపించకూడదని రూలు ఉండేది. ఇప్పుడు మీరు మామూలు పేషెంటే కదా. రండి."

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది, పోయినేటిదీ ఇప్పటిదీ. ఆయన కంటికి రెండూ ఒకటే. ఆమె పెన్ను మొనతో చూపించింది. "ఇక్కడ. చూశారా, పలచబడింది."

ఫిబ్రవరి నుంచి ఆయన కూరగాయలు కొన్నాడు, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చాడు, పోస్టాఫీసు పాత స్నేహితులకు ఎదురుపడి తల వంచి పలకరించాడు. ఆయనలో ఏదో మారిందని ఒక్కరూ అనలేదు. రేపో మాపో పారేద్దామనుకున్న ఈ పాత యంత్రం కనిపెట్టింది. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మళ్లీ ఒకసారి చూపించండి," అన్నాడు. "ఎక్కడ మారానో."